ఏడో చిప్

ఫిబ్రవరి 12

రేపు మాట వస్తే నాకు తేదీలతో సహా గుర్తుండాలని రాసుకుంటున్నాను. డైరీ కొనలేదు. నా రిపేరు షాపులో సర్క్యూట్ డయాగ్రంల ప్రింట్లు కట్టలుకట్టలుగా ఉన్నాయి, వాటి వెనక వైపంతా ఖాళీయే. మా ఆవిడ నీలావతి ఇల్లంతా సర్దుతుంది కానీ ఈ కాగితాల జోలికి మాత్రం రాదు.

దేవేంద్ర భార్య వచ్చింది. ధర్మవరంలో పొద్దున బండెక్కి, హిందూపురం స్టేషన్లో దిగి, అడుగుతూ అడుగుతూ షాపు దాకా నడిచొచ్చింది. పేరు గంగాదేవి. ముప్పై అయిదు కూడా ఉండవు.

దేవేంద్ర పట్టుచీరలకు డిజైన్లు చేసేవాడు. నిరుడు జులై ఇరవయ్యో తేదీన, తెర మీద ఏమీ రావడం లేదని కంప్యూటర్ తెచ్చి నా దగ్గర పెట్టాడు. చీర కట్టిన మనిషిని తెర మీద గిర్రున తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ కోసమని, బెంగళూరులో గేములాడుకునే ఎవరి దగ్గరో కొన్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు అందులో ఉంది. పాతదే, కానీ ఒకప్పుడు అలాంటి కార్డు ఉన్నవాడు తన వీధికి రాజు. పన్నెండు మెమొరీ చిప్‌లు, రెండు వందల యాభై వాట్లు మింగే ఆకలి. దాని డయాగ్రం పూర్తిగా దొరక్క పక్కన పెట్టాను. నవంబర్‌లో దేవేంద్ర కామెర్లతో పోయాడు.

కంప్యూటర్ కోసం కాదు, అందులోని డిజైన్ల కోసం వచ్చానంది. నాలుగు వందల పైచిలుకు ఉన్నాయట. ఆయన కంప్యూటర్లోకి ఎక్కించేవాడే గానీ, గ్రాఫ్ పేపర్ల మీద గడి గడీ లెక్కపెట్టి గీసింది తనేనట. ఆ గ్రాఫ్ పుస్తకాలు ఏమయ్యాయని అడిగాను. ఆయనకు ఇష్టమైనవని అత్తగారు ఆయనతో పాటు చితి మీద పెట్టించిందట.

“కంప్యూటర్లో ఉండాయి కదా అని నేనే తెచ్చి ఇచ్చినాన్నా,” అంది.

ఉగాది లోపల డిజైన్లు తెచ్చి చూపిస్తే దేవేంద్ర పని చేసిన షావుకారు ఆయన కుర్చీలో తనను కూర్చోబెడతానన్నాడట. లేకపోతే ముదిగుబ్బ అవతల పుట్టింటికి పోయి గొర్రెల వెంబడి తిరగాల్సిందే.

నేను చెప్పింది ఇది: కార్డు పోయింది కదమ్మా, బొమ్మలన్నీ దాంతోనే పోయినట్టు.

ఎందుకు అన్నానో తెలియదు. నోరు జారింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “అయితే కార్డు బాగు చేయండన్నా. సచ్చిన బోర్డును గూడా తిప్పేస్వామి లేపుతాడని మీ గురించి మా ఆయన చెప్తాండె,” అంది.

సరేనన్నాను.


ఫిబ్రవరి 13

ఆరు నెలలు దాటిన వస్తువులకు మేము బాధ్యులం కాము అని షాపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసే ఉంది.


ఫిబ్రవరి 14

హార్డ్ డిస్క్ సంగతి కూడా రాసేస్తే పోతుంది.

జనవరి ఇరవై నాలుగున తీశాను. అంటే ఆరు నెలల నాలుగు రోజులకు. అంతకుముందు దేవేంద్ర నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఏ రిపేరు షాపులోనైనా జరిగేదే ఇది. అడిగేవాళ్లు లేని సరుకులోంచి పనికొచ్చేది తీసి ఇంకోదానికి వేస్తాం. ఫార్మాట్ చేసి, మా బావమరిది ఉదయ్ కుమార్ పెనుకొండలో పెట్టిన ఎరువుల షాపు కంప్యూటర్లో వేశాను. జనవరి ఇరవై ఎనిమిదిన బిగించి వచ్చాను. దాని మీద రెండు కెమెరాల రికార్డింగ్ నడుస్తోంది. అన్నీ కొత్తవే అని చెప్పాను. వాడు అడగనూ లేదు, నేనే చెప్పాను.

ఫార్మాట్ చేసిన డిస్కులో ఏముంటుంది. ఏమీ ఉండదు.

కార్డుకు, బొమ్మలకు సంబంధం లేదు. కార్డు మీద ఉండే మెమొరీ కరెంటు తీసిన మరుక్షణం ఖాళీ అయిపోతుంది. బొమ్మలు దాచేది డిస్కు. ఇది తెలియని మనిషికి అబద్ధం చెప్పడం పసిపిల్ల చేతిలోది లాక్కున్నట్టే ఉంది. కానీ కార్డు బాగు చేస్తానని మాట ఇచ్చాను, చేస్తాను. మాట తప్పే అలవాటు నాకు లేదు.


ఫిబ్రవరి 16

కార్డు విప్పాను. ఫ్యాన్లు తీసి, ఎండిపోయిన పేస్టు గీకేసరికి గంట పట్టింది. అల్యూమినియం రెక్కల మీద కుంకుమ బొట్టు ఉంది. ఆయుధపూజకు దేవేంద్ర కంప్యూటర్ మొత్తం విప్పి ఒక్కో పార్టుకు బొట్టు పెట్టేవాడు, డిస్కుకు కూడా. దాని మీది బొట్టును నేను థిన్నర్‌తో తుడిచాను.

డయాగ్రం యాభై రెండు పేజీలు. నా దగ్గరున్నవి యాభై ఒకటి. మెమొరీకి కరెంటు వచ్చే దారి గీసిన పధ్నాలుగో పేజీ ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే ఏం, నేనే గీస్తాను. మీటర్ ముల్లు పట్టుకుని ఒక్కో గీత ఎక్కడికి పోతుందో చూసి గీస్తే అదే పేజీ. ఈ జిల్లాలో ఈ పని చేసేవాడు ఇంకొకడు లేడు. మిగతావాళ్లు హాట్ గన్ పెట్టి చిప్‌ను దోసెలా కాల్చి, నెల రోజులు నడిచేట్టు చేసి పంపేస్తారు.

మధ్యనున్న పెద్ద చిప్, కోర్ దగ్గర మీటర్ ముప్పావు ఓమ్ చూపించింది. కొత్తవాళ్లు షార్ట్ అనుకుని భయపడతారు. ఇంత పెద్ద కార్డుకు అది ఆరోగ్యమే. మెమొరీ లైన్లో మాత్రం సున్నా. రోగం అక్కడ ఉంది.


ఫిబ్రవరి 19

ఉదయ్ కుమార్ ఫోన్ చేశాడు. ఒక కెమెరా మసగ్గా వస్తోందట. “ఒకసారి వచ్చి చూసి పో బావా, అక్కను గూడా పిల్చకరా,” అన్నాడు. పని ఉందన్నాను. లెన్సు గుడ్డతో తుడుచుకోమన్నాను. నీలావతి పక్కనే ఉంది. గంటసేపు ప్రయాణానికి కూడా తీరిక లేదా అని దెప్పింది. పధ్నాలుగో పేజీ సగంలో ఉంది, ఇప్పుడు వదిలితే గీతలు మర్చిపోతాను అన్నాను.

అది నిజమే. సగంలో ఉంది.

పధ్నాలుగో తేదీన ఫార్మాట్ చేసిన డిస్కులో ఏమీ ఉండదని రాశాను. తప్పు. ఎవరికోసం రాశానో ఆ అబద్ధం. నేను చేసింది రెండు నిమిషాల ఫార్మాట్. పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడే పాతవి పోతాయి. ఉదయ్ కెమెరాలు పగలూ రాత్రీ రాస్తూనే ఉన్నాయి.

అంటే గంగాదేవి నా షాపులో నిలబడి అడిగిన రోజున కూడా డిజైన్లు పెనుకొండలో ఉండే ఉంటాయి. కొన్నైనా.

ఆదివారం పోతాను. కెమెరా చూసే నెపంతో పోయి, డిస్కు మార్చేసి తెచ్చుకుంటాను.


ఫిబ్రవరి 22

పోలేదు. వాడి ముందు కంప్యూటర్ విప్పితే పాత డిస్కు కనిపిస్తుంది. వాడు ఊరుకున్నా నీలావతి ఊరుకోదు. వాళ్ల పుట్టింట్లో నా మాటంటే రాతి మీద గీత అన్నట్టు ఉంది ఇన్నాళ్లూ.

పేజీ పూర్తయింది. బాగా వచ్చింది.


ఫిబ్రవరి 25

గంగాదేవి ఫోన్. ఎంతవరకు వచ్చిందన్నా అని. చెప్పాను. లైను, కెపాసిటర్, షార్ట్ అంటూ చాలాసేపు చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. దారం ఒకటి తెగితే డిజైన్ మొత్తం పక్కకు పోతుంది, ఇదీ అంతేనా అని అడిగింది. అంతేనన్నాను. తెలివైన మనిషి.


ఫిబ్రవరి 28

వచ్చింది! డిస్‌ప్లే వచ్చింది.

మెమొరీ లైన్లోకి బయటి నుంచి ఒక వోల్టు పంపి, బోర్డంతా స్పిరిట్ పూసి చూశాను. అంతా తడిగా ఉండగానే ఒక్కచోట వేడెక్కి చటుక్కున ఆరిపోయింది. నువ్వుగింజంత కెపాసిటర్. దానికోసం ఇంత పెద్ద బోర్డు చచ్చి పడుంది. తీసేసి వేరేది వేశాను. మధ్యాహ్నం మూడింటికి కరెంటు ఇస్తే ఫ్యాన్లు లేచాయి, తెర వెలిగింది.

ఇల్లు అలకగానే పండగ కాదు. తెర నిండా ఎర్రటి, ఆకుపచ్చటి చుక్కలు గళ్లుగళ్లుగా ఉన్నాయి. పన్నెండు చిప్‌లలో ఏదో ఒకటి చెడింది. అది రేపటి పని. ఈరోజుకు నాకు సంతోషంగా ఉంది, ఉంటే తప్పేముంది. నీలావతికి మల్లెపూలు తీసుకుపోయాను. ఏమిటి విశేషం అంది.


మార్చి 3

ఏడో చిప్. రెండు రోజులు టెస్ట్ నడిపితే తేలింది.

గంగాదేవి వచ్చింది. చుక్కలు చూపించాను. ఆమె కళ్లు చిట్లించి తెర దగ్గరగా వంగి చూసి, ప్రతి ఎనిమిదో గడిలో ఒకే రకం తప్పు వస్తోంది అంది. నేను టెస్ట్ సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజుల్లో కనుక్కున్నది ఆమె కంటితో కనిపెట్టింది.

అప్పుడు చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. దానికి బదులు ఇంకోటి చెప్పాను. ఇలాంటి చిప్ ఇక్కడ దొరకదు, బెంగళూరు ఎస్పీ రోడ్డులో చచ్చిన కార్డులు అమ్ముతారు, వాటిలో ఇదే నంబరు చిప్ ఉన్నది వెతకాలి అని. చిప్ మీదున్న పదకొండు అక్షరాలు, అంకెలు కాగితం మీద రాసిచ్చాను. నాకు తీరిక లేదన్నాను.

దొరకదులే అనుకునే ఇచ్చాను. దొరక్కపోతే తప్పు బెంగళూరుది అవుతుంది.


మార్చి 5

మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు అని రాశాను. ఇప్పుడు ఆ పేజీ తీసి చూసుకున్నాను.

ఒక్కసారి చేశాను. నవంబర్‌లో. ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనక ఏడుపులు వినిపించాయి. నేను కట్ చేశాను. ఆయన పోయాడని నాకు ఆ రోజే తెలుసు. పోయాడు గనుకే అడిగేవాళ్లుండరని డిస్కు తీశాను.

ఇది రాస్తున్న కాగితాన్ని చింపేద్దామనుకున్నాను. దాని ముందు వైపు నేను గీసిన పధ్నాలుగో పేజీ ఉంది.


మార్చి 8

ఏమీ చేయలేదు. నీలావతి మళ్లీ పెనుకొండ మాట ఎత్తింది. తలనొప్పి అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టుంది నా బతుకు.


మార్చి 10

తెచ్చింది.

గంగాదేవి జాకెట్ గుడ్డలో చుట్టిన కార్డును బల్ల మీద పెట్టి విప్పింది. చచ్చిన కార్డే, మధ్యలో కోర్ కాలిపోయి నల్లగా ఉంది, కానీ చుట్టూ మెమొరీ చిప్‌లు పన్నెండూ ఉన్నాయి, అదే నంబరు. రెండు రోజులు తిరిగిందట. కన్నడం రాదు. పదకొండు షాపుల్లో కాగితం చూపించిందట. ఒక షాపువాడు దాదాపు అదే అని ఇంకోటి అంటగట్టబోతే, చివరి అక్షరం వేరని పట్టుకుందట. గడులు లెక్కపెట్టిన కళ్లు కదా.

రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా అని అడిగాను. స్టేషన్లో అంది.

“ఇదే కదన్నా మీరు చెప్పింది? సరిపోతుంది కదా?”

సరిపోతుందన్నాను. షావుకారు ఉగాది దాకే ఆగుతానన్నాడని గుర్తు చేసింది. తొమ్మిది రోజులు. తను గీసిన వాటిలో గొర్రెల బార్డరు ఒకటుందని చెప్పింది. చీర అంచు పొడవునా గొర్రెలు వరసగా నడుస్తుంటాయి, చివర కుక్క ఉంటుంది. పట్టుచీర మీద గొర్రెలేమిటని షావుకారు మొదట నవ్వాడట. తరవాత అదే ఎక్కువ అమ్ముడుపోయిందట. అది ఒక్కటి చూపించినా తనను తీసుకుంటాడట.

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు ఆ జాకెట్ గుడ్డ బల్ల మీదే ఉంది. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మాట కూడా రాయాలి.


మార్చి 13

చిప్ మార్చాను. అడుగున నూట డెబ్బై సీసపు గుండ్లు, ఒక్కోటి ఆవగింజలో సగం. అన్నీ ఒకేసారి కరిగి, ఒకేసారి కూర్చోవాలి. కూర్చున్నాయి. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన పని చేయలేదు.


మార్చి 14

ఆరు గంటలు పూర్తి లోడ్ మీద నడిపాను. వేడి ఎనభై దాటలేదు. ఒక్క తప్పు రాలేదు.

ఇంక చేయడానికి ఏమీ మిగల్లేదు.


మార్చి 15

ఆమే ఫోన్ చేసింది. బాగైందని చెప్పాను. బుధవారం వస్తానంది. మీ ఇంట్లోవాళ్లకు పట్టు అంచున్న జాకెట్ ముక్క తెస్తానంది.


మార్చి 17, పెనుకొండ

పొద్దున పదింటికి ఉదయ్ షాపులో ఉన్నాను. కెమెరా చూస్తానని చెప్పాను. నెల కిందటి మాట బావా అది, గుడ్డతో తుడిస్తే పోయింది అన్నాడు. అయినా కంప్యూటర్ విప్పాను. వాడు టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. డిస్కు బయటికి తీస్తే, స్టిక్కరు అంచు కింద థిన్నర్ చేరని చోట ఎర్రగా కనిపించింది.

“కొత్తదానికి కుంకుమ యాడ నుంచి వచ్చె బావా?” అన్నాడు.

పాతది అన్నాను. వాడు టీ గ్లాసు నా పక్కన పెట్టి, మూటలు లెక్కపెట్టుకోవడానికి లోపలికి పోయాడు. నెల రోజులుగా నేను భయపడింది దీనికే. ఇంతే అది.

డిస్కును లాప్‌టాప్‌కు తగిలించి అయిదు గంటలు వెతికాను.

రోజుకు ఇరవై జీబీ రాసుకుంటూ పోయింది కెమెరా. డిస్కు మొత్తం తొమ్మిది వందల ముప్పై. ఆమె మొదటిసారి నా షాపుకు వచ్చిన రోజుకు మూడోవంతు మాత్రమే నిండింది. మొన్న పధ్నాలుగున పూర్తిగా నిండింది. ఈ లెక్క వేయడానికి కాగితం కూడా అక్కర్లేదు. నెల రోజులుగా నేను వేయలేదు.

దేవేంద్ర ఫోల్డర్ మొదట్లోనే ఉండి ఉంటుంది, ఆమె రాకముందే పోయి ఉంటుంది అని చివరి ఆశ ఒకటి పెట్టుకున్నాను. పాత సూచికలో ఒక ముక్క దొరికింది. అందులో ఫోల్డర్ ఎక్కడుండేదో ఉంది. మొదట్లో లేదు. డిస్కులో మూడింట రెండు వంతులు దాటాక ఉంది. ఇప్పుడు అక్కడున్న రికార్డింగ్ తెరిచి చూశాను. మూలన తేదీ ఉంటుంది కదా. ఫిబ్రవరి 28 మధ్యాహ్నం మొదలై, మార్చి 1 రాత్రికి అయిపోయింది. మూడు గంటల దగ్గర ఆపి చూశాను. షాపులో ఎవరూ లేరు. యూరియా మూటల మీద ఎండ మెల్లగా జరుగుతోంది. ఆ గంటలో నేను హిందూపురంలో తెర వెలిగిందని సంబరపడుతున్నాను.

కెమెరా సాఫ్ట్‌వేర్ చివర కొంచెం జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటుంది. అక్కడ ఏడు ఫైళ్లు దొరికాయి. ఆరు తెరుచుకోలేదు. ఒకటి సగం తెరుచుకుంది. గొర్రెల బార్డరు. పదకొండు గొర్రెలు బాగున్నాయి, ఆ తరవాత అంతా బూడిదరంగు చారలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను ఆకులు కూడా పట్టుకోలేదు, ఇంకెక్కడో కూర్చుని గొప్పగా కట్టు కట్టే విద్య నేర్చుకున్నాను.

నీలావతికి ఉదయ్ చెప్పేలోపే నేనే ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని, ఆమె ఎవరు, ఆ గంగాదేవి, ఆమెకు చెప్పినారా అని అడిగింది. రేపు అన్నాను. నీలావతి ఫోన్ పెట్టేసింది.


మార్చి 18

పదకొండింటికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. జాకెట్ ముక్క, రెండు కొబ్బరికాయలు తెచ్చింది, ఒకటి కార్డుకు కొట్టాలట.

కార్డును కంప్యూటర్లో పెట్టి నడుపుతున్నాను. ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. తెర శుభ్రంగా, నీలంగా, ఖాళీగా ఉంది.

నిలబడే చెప్పాను. డిస్కు తీసిన సంగతి, తుడిచిన కుంకుమ, నవంబర్‌లో కట్ చేసిన ఫోన్, కార్డులో బొమ్మలు ఉండవన్న సంగతి, పెనుకొండ కెమెరాలు. ఏదీ దాచలేదు. పదకొండు గొర్రెలున్న ప్రింటు చేతికిచ్చాను. ఆమె నేను ఆపాక అడిగింది.

“నేను మొదట వచ్చిన పొద్దు అవి ఆడ ఉండెనా?”

ఉన్నాయన్నాను.

“అన్నీ?”

అన్నీ ఉన్నాయన్నాను. ఆ రోజు మధ్యాహ్నం బండికి పెనుకొండ పోయి ఉంటే సాయంత్రానికి అన్నీ మీ చేతిలో ఉండేవి అన్నాను. ఆ మాట ఆమె అడగలేదు. నేనే చెప్పాను.

ఆమె తెర వైపు చూసింది. తరవాత కార్డు వైపు చూసింది. దాని మీద దేవేంద్ర పెట్టిన బొట్టు అలాగే ఉంది, అది నేను తుడవలేదు.

“అయితే ఇన్ని దినాలూ మీరు బాగు చేసింది దేన్నన్నా?”

నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

ప్రింటు మీద వేలు పెట్టి గొర్రెల్ని ఒక్కోదాన్నీ లెక్కపెట్టింది. పదకొండు దగ్గర ఆగింది. “ముప్పై రెండు ఉండె,” అంది, నాతో కాదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. షావుకారుకు అది చూపించమ్మా, నేనూ వచ్చి జరిగింది చెప్తాను అన్నాను. సగం మంద చూపిస్తే ఎవరిస్తారు పని, మిగతాది అమ్ముకున్నావా అని అడుగుతారు అంది. మళ్లీ గీయలేవా అన్నాను. ఒక్కోదానికి వారం పడుతుందంది. నాలుగు వందలు.

ధర్మవరంలో దిగి అటునుంచి అటే ముదిగుబ్బ బస్సెక్కుతానంది. కార్డు తీసుకుపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది. కొబ్బరికాయలు మర్చిపోయిందో, వదిలిపెట్టిందో తెలియదు. జాకెట్ ముక్క కూడా బల్ల మీదే ఉంది.

ఇప్పుడు సాయంత్రం అయిదయింది. కార్డు పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంది. తెర మీద ఒక్క చుక్క కూడా రాలేదు.